అడిగి నడిచిన దారి

తొంభైల చివర్లో మా వైపు ఎవరిని కదిపినా సైట్ల మాటే. విని ఊరుకునే రకం కాదు నేను. నా వాటాకు వచ్చిన వరి చేను అమ్మేసి, రామచంద్రపురానికి దగ్గర్లో ఒక కొబ్బరితోట వెనకాల మెరక భూమి కొన్నాను, ప్లాట్లు వేసి అమ్ముదామని. కొన్న మర్నాటి నుంచే నాకు కుదురు పోయింది. అన్నం తింటూ తింటూ లేచి వీధిలోకి వెళ్లేవాణ్ణి. "పీట మీద మేకులేమైనా ఉన్నాయా?" అనేది మా ఆవిడ. చేను అమ్మడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు. ఇది కలిసి రాకపోతే మాకింక సెంటు నేల కూడా మిగలదు. ఆ భయమే నన్ను కూర్చోనిచ్చేది కాదు.

ఆ భూమిలోకి వెళ్లాలంటే ముందున్న తోటలోంచే వెళ్లాలి. నాకు అమ్మినవాళ్లు తాతల నాటి నుంచీ అందులోంచే బళ్లు తోలుకున్నారు. దస్తావేజులో నాలుగు హద్దులూ రాశారుగానీ దారి ఊసు లేదు. నేనూ తొందరలో పట్టించుకోలేదు. తోట ఆసామి పెద్దాయన, నెమ్మదస్తుడు. వెళ్లిన ప్రతిసారీ స్కూటర్ ఆపి అడిగేవాణ్ణి.

"ఒకసారి ఇలా వెళ్లొచ్చాండీ?"

"ఎంతమాటండీ! వెళ్లండి, వెళ్లండి. వచ్చేటప్పుడు బొండం తాగి వెళ్లండి."

ప్లాట్ల అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే ఏడాది గడిచింది. ఒకరోజు ఆయన బొండం నా చేతిలో పెడుతూ అన్నారు. "కాయల దొంగతనాలు ఎక్కువైపోయాయండి. ఎల్లుండి కంచె వేయించేస్తున్నాను. మీరొచ్చినప్పుడు గేటు తీయిస్తాను లెండి."

రేపు ప్లాటు కొన్నవాడు ఇంకొకరి గేటు ముందు నిలబడాలా? అలాంటి చోట ఇల్లు ఎవడు కట్టుకుంటాడు? బొండం సగంలో వదిలేసి, ఆఘమేఘాల మీద రామచంద్రపురం ప్లీడరు గారి దగ్గరికి పోయాను.

"కేసు ఇవాళే వేసేద్దామండి," అన్నాను, కూర్చోకుండానే.

ఆయన కాయితాలు తాపీగా చదివారు. ఆ తాపీకి నాకు ఒళ్లు మండింది. చివరికి ఒక్కటే అడిగారు. "మీరెప్పుడైనా ఆయన్ని అడిగి వెళ్లారాండీ?"

"అడక్కుండా ఒక్కసారీ వెళ్లలేదండి," అన్నాను గొప్పగా.

ప్లీడరు గారు పెన్నుకు మూత పెట్టేశారు. "మీకు అమ్మినవాళ్లు ఇన్నేళ్లూ అడక్కుండా నడిచారు. అది హక్కు. మీరొచ్చి అడగడం మొదలెట్టారు. అడిగి వెళ్తే అది ఆయన దయ అవుతుంది. కోర్టులో ఆయన అదే చెప్తారు."

"మరిప్పుడెలాగండీ?"

"ఇకమీదట పలకరించండి, ఆరోగ్యం కనుక్కోండి. దారి మాత్రం అడక్కండి."

మర్యాదగా ఉన్నందుకు ఇదా ఫలితం అని నా మీద నాకే చిరాకేసింది. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు గ్రావెల్ మాట్లాడుకుని తోట దగ్గరికి వెళ్లాను, కంచె పడేలోగా దారి పరిచేద్దామని. పెద్దాయన సరిగ్గా దారికి అడ్డంగా, కంచె స్తంభాల పక్కన నిలబడి ఉన్నారు.

"బాగున్నారాండీ?" అన్నాను.

"బాగానే ఉన్నామండి," అన్నారు. కదల్లేదు.

ఆ తర్వాత రావలసిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేశాను. వెనక ట్రాక్టరు డ్రైవరు హారను కొట్టాడు.

"ఏంటండీ, ఇవాళ అడగలేదు?" అన్నారాయన నెమ్మదిగా. "ప్లీడరు గారి దగ్గరికి వెళ్లొచ్చారా?"

నా తల వాలిపోయింది. "వెళ్లానండి."

"మొన్న నేనూ మా ప్లీడరు దగ్గరికి వెళ్లొచ్చానండి. మీరు అడుగుతున్నన్నాళ్లూ నాకు ఢోకా లేదన్నారు." ఆయన నవ్వలేదు. "ఇన్నాళ్లూ ఎదురుచూశానండి. వచ్చినప్పుడల్లా వెళ్లొచ్చా అని అడిగారు. కొనుక్కోవచ్చా అని ఒక్కసారైనా అడిగారా?"

అంత పరుగులు పెట్టిన నాకు ఆ ముక్క తట్టనే లేదు. ఇంజను ఆపమని డ్రైవరుకు సైగ చేశాను.

"కొనుక్కోవచ్చాండీ?"

"ఎంతమాటండీ!" అన్నారు. బండి పట్టేంత మేర రిజిస్ట్రేషన్ చేయించి ఇస్తానని ధర కూడా చెప్పారు. బాగా ఎక్కువే. అయినా బేరమాడే మొహం లేక సరేనన్నాను. ఏడాదిగా ఆ తోటలోంచి తిరిగానుగానీ, అక్కడ కూర్చుని బొండం పూర్తిగా తాగింది ఆ రోజే.