నీలమైన పసి చర్మం

కొన్నేళ్లుగా ఒక మాట లోపలే దాచుకున్నాను. నాతో పనిచేసిన రజిత పేరు ఎవరెత్తినా మింగుడు పడదు. ఇవాళ మీతో చెప్పేస్తాను.

నేను పనిచేసేది పాతబస్తీలోని ఒక పరిశోధనశాలలో. రోగుల చర్మపు ముక్కలను గడ్డకట్టించి, పల్చగా కోసి, స్లైడ్ల మీద పరిచి, రంగులో నానబెడతాం. ముసలి కణాలు నీలమవుతాయి, పడుచువి కావు. పులుపెక్కకుండా పీహెచ్ సరిచూసి రంగు కలపడం అప్పట్లో రజిత పని. రాత్రంతా వాటిని వెచ్చటి పెట్టెలో ఉంచడం నా పని. ఆ పెట్టెలో కార్బన్ డయాక్సైడ్ ఉండకూడదు. ఉంటే రంగు పులుపెక్కి, పడుచు కణాలూ నీలమవుతాయి.

ఆ రోజు ఛత్రినాకలో మా ఇంట్లో బోనాలు. అమ్మ ఫోన్ మీద ఫోన్. మామూలు పెట్టె నిండా వేరేవాళ్ల స్లైడ్లు. ఆగలేక, కణాలు పెంచే కార్బన్ డయాక్సైడ్ పెట్టెలోకి మావి తోసేసి పరుగెత్తాను. తెలియక చేశానా? తెలిసే చేశాను.

తెల్లారి చూస్తే పసిబిడ్డ చర్మం కూడా నీలమే. అవే చివరి ముక్కలు, మళ్లీ దొరికేవి కావు. ఎవరూ రాకముందే స్లైడ్లను మామూలు పెట్టెలోకి మార్చేశాను.

"గీ రంగు ఎవరు కలిపిండ్రు?" అన్నారు మా సార్.

"రజిత, సార్," అన్నాను.

రజిత నా వైపు తిరిగింది. "పీహెచ్ మంచిగనే చూసిన గదక్కా. నువ్వు పక్కనే ఉంటివి."

"నాకు యాదికి లేదు," అన్నాను.

మొదటి మాట నిజమే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. రెండోదానికి ఏం చెప్పుకోను? తప్పంతా రజిత మీద పడి, ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు మొఘల్‌పురాలో ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తోంది. పీహెచ్ సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో కొత్తవాళ్లకు చెప్పాల్సివస్తే సార్ ఇప్పటికీ ఆమె పేరే చెబుతారు. నేను పక్కన నిలబడి తలూపుతాను. నామీద నాకే అసహ్యం.

రేపు తలూపను. అందరి ముందూ జరిగింది చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. కానీ పొద్దున్నే, ముందు రజిత దగ్గరికి వెళతాను. క్షమించమని అడగను, ఆ భారం కూడా ఆమె మీద వేయలేను. ఇన్నేళ్లూ తన చేతిపనిని తనే అనుమానించుకుంటూ బతికి ఉంటుంది. ఆ అనుమానం నేను పెట్టిందే, నేనే తీయాలి.

నువ్వు కలిపిన రంగులో ఏ తప్పూ లేదు, రజితా.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది.