ఎనిమిదో ఐబు

ప్లాస్టిక్ కవరు అంచు విప్పగానే ముందు వాసన వచ్చింది. పెట్రోలు, ఎండకు కాగిన రెక్సిన్, ఎవరో దాచిపెట్టి మరిచిపోయిన వక్కపొడి, అన్నీ కలిసిన వాసన. కాగితం మడత విప్పకముందే అది ఏ కాగితమో నాకు తెలిసిపోయింది. నోటుపుస్తకంలోంచి చింపిన ఠావు, మడతల దగ్గర అరిగి చిల్లులు పడింది గానీ నీలం సిరా మాత్రం అంతగా వెలిసిపోలేదు. పైన 'ఐబుల కాగితం' అని గుండ్రటి అక్షరాలు, కింద ఒకటి నుంచి ఏడు దాకా వరసలు. అవి పదేళ్ల పిల్ల రాసిన అక్షరాలు, ఆ పిల్ల నేనే.

కాగితం తెచ్చిన అబ్బాయి బుచ్చిరెడ్డిపాలెంలో మా ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతున్నాడు. నెల్లూరులో అతనికి పాత కార్ల వ్యాపారం ఉంది. మేము ముసలిబండి అని పిలిచేదాన్ని వాళ్లిప్పుడు క్లాసిక్ కారు అంటారట. కోవూరులో పోయిన రమణయ్య మేస్టారి మనవడి దగ్గర మీగడ రంగు అంబాసిడర్ ఒకటి కొన్నాడట, పశువుల కొట్టంలో పట్టా కింద ఉన్నదాన్ని తెచ్చి అద్దంలా తయారుచేశాడట, డాష్‌బోర్డు అరలో ఈ కాగితం దొరికిందట. కొనేవాళ్లు బెంగుళూరు నుంచి వస్తున్నారు. ఇప్పుడు అతనికి కావలసింది ఒక్క సంతకం.

"ఈ రాత మీదేనని కింద రెండు ముక్కలు రాయండమ్మా. అప్పట్లోనే లోపాలన్నీ రాసిచ్చి బండి అమ్మినారంటే మామూలు విషయమా! ఫ్రేము కట్టించి బండితోపాటు ఇస్తా."

కళ్లజోడు తెస్తానని చెప్పి వెనక వరండాలోకి వచ్చాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ఈ వయసులో ఒక మనిషి ముందునుంచి లేచి వెళ్లడానికి ఇంతకంటే మంచి వంక నాకు దొరకలేదు.

మా నాయన మస్తాన్ సాయిబు సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాడు. కోవూరు పోయే రోడ్డు మీద రెండు రైసుమిల్లుల మధ్య రేకుల షెడ్డు మాది. ఒకపక్క నుంచి ఉడికిన వడ్ల వాసన, ఇంకోపక్క నుంచి ఎగిరొచ్చే ఊక, ఆ ఊక వచ్చి సరిగ్గా పచ్చిరంగు మీద వాలితే టింకరు వెంకయ్య మిల్లు ఓనరును, వాళ్ల తాతముత్తాతలను, చివరికి వడ్లు పండించిన రైతును కూడా వదలకుండా తిట్టడం, ఇదీ మా షెడ్డులో రోజూ జరిగే తంతు. డాక్టర్లు వాడి వదిలేసినవి, పెద్ద రైతులు పిల్లల పెళ్లిళ్లకు కొని తర్వాత తోలలేక వదిలేసినవి, ఫియట్లూ అంబాసిడర్లూ నాలుగైదు ఎప్పుడూ ఉండేవి. బడి లేని రోజు నేనూ తమ్ముడూ చక్రాలు లేని బండిలో ఎక్కి మద్రాసు పోయేవాళ్లం. వాడు నోటితోనే ఇంజను, హారనూ మోగిస్తుంటే నేను గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట అని ఊళ్లు పిలిచేదాన్ని, తడ దాటేసరికి అమ్మ అన్నానికి పిలిచేది గనుక మేము మద్రాసు చేరింది ఎన్నడూ లేదు. మా కోళ్లు డిక్కీల్లో గుడ్లు పెట్టేవి. ఒకాయన బండి కొనుక్కుని వెళ్లి, మూడోరోజు గుడ్లు నాలుగు గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చి పోయాడు.

వాన తగ్గి నేల ఆరే రోజుల్లో బేరాలు ఎక్కువగా జరిగేవి. కొనేవాడు వస్తే నాయన ముందు టీ తెప్పించి, ఆ తర్వాత బండి చుట్టూ తిప్పుతూ వేలి కణుపుతో రేకు మీద కొట్టి వినిపించేవాడు. రేకయితే టంగుమంటుంది, రంగు కింద లప్పం పూసిన చోట మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రంగా గీసేవాడు. అప్పుడు నన్ను పిలిచేవాడు. నాయనకు తెలుగు రాయడం రాదు, సంతకం వరకే. నేను ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఆయన చెప్పిన లోపాలన్నీ వరసగా రాసేదాన్ని. ఐబు అంటే లోపం, అందుకే దానికి ఐబుల కాగితం అని పేరు. కొనేవాడు చదువుకుని, ఇవన్నీ తెలిసే తీసుకుంటున్నానని వేలిముద్రో సంతకమో పెడితేనే తాళం చేతికొచ్చేది. ఐబు దాచి అమ్మడం హరామని ఆయన నమ్మకం. తక్కిన బ్రోకర్లకు ఇది పెద్ద వినోదం.

"పెళ్లిచూపుల్లో పిల్లకుండే మచ్చలన్నీ లెక్కబెట్టి చెప్పే తండ్రివి నువ్వొక్కడివే సాయిబూ," అని ఒక బ్రోకరు అంటే నాయన నవ్వేవాడు. "చెప్పినా చేసుకున్నోడే అల్లుడు," అనేవాడు.

నాకు మాత్రం ఆ పని మహా గొప్పగా ఉండేది. మా క్లాసులో ఇంకెవరి రాతకూ పెద్దమనుషులు సంతకాలు పెట్టేవాళ్లు కాదు మరి. ఆ గుండ్రటి అక్షరాలు నాకు నేర్పింది రమణయ్య మేస్టారు. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించిన మనిషి.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. మా వైపు తుపాను కొత్తేం కాదు, వర్షాకాలం అంటేనే సగం భయం మాకు. కానీ ఆ గాలికి షెడ్డు రేకులు లేచి మిల్లు అవతల పొలంలో పడ్డాయి, దూలం విరిగి రెండు బండ్ల మీద పడింది. వారం రోజులు ఇంట్లో రొయ్యపొట్టు, గంజన్నం తప్ప ఇంకేమీ లేదు. నీళ్లు తీసిన తర్వాత అల్లూరు పక్క నుంచి ఒక బ్రోకరు ఈ అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. రెండు రోజులు ఉప్పునీళ్లలో మునిగిన బండి. నాయన దాని చుట్టూ చాలాసేపు తిరిగాడు. చివరికి తీసుకున్నాడు. వెనక సీటు పీకి, కింద పేరుకున్న ఒండ్రు చిప్పలతో ఎత్తిపోసింది నేనూ తమ్ముడూనే. ఆ బురదలో చచ్చిన రొయ్యపిల్లలుంటే తమ్ముడు తీసి కోళ్లకు వేశాడు.

"ఉప్పునీళ్లు తాగిన ఇనుము మన మాట ఇనదు సాయిబూ. పైన ఎంత పూసినా లోపల తింటానే ఉంటది," అన్నాడు వెంకయ్య. నెలకు పైగా ఎండబెట్టి, గోకి, మీగడ రంగు కొట్టారు. అంత అందమైన బండి మా షెడ్డులో అంతకు ముందు నేను చూడలేదు.

కొనడానికి వచ్చింది రమణయ్య మేస్టారు. అప్పుడే రిటైరయ్యారు, వచ్చిన డబ్బుతో ఒక బండి కొని పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ బాడుగకు తిప్పుకుందామని ఆయన ఆలోచన. వేరే షాపులు చూడనైనా లేదు. "మస్తాను దగ్గరయితే కాగితం ఉంటది గదా," అన్నారు. ఆయన బానెట్టు దగ్గర వెంకయ్యతో మాట్లాడుతుంటే నాయన చెప్పుకుపోయాడు, నేను రాశాను. ఎడమ పక్క వెనక తలుపు గట్టిగా వేస్తేగానీ పడదు. వైపరు ఒకటే తిరుగుతుంది. హారను తడిస్తే మూగబోతుంది. ఇలా ఏడు. ఏడోది రాసి ఎనిమిది అంకె వేయబోయి ఆగాను.

"నాయనా, నీళ్ల సంగతి?" అన్నాను మెల్లిగా.

నాయన నావైపు చూడలేదు. "ఏడుతో అయిపోయిందిమే. సంతకానికి చోటు వదులు," అన్నాడు.

వదిలాను. మేస్టారు కాగితం చదువుకుని, బండి లోపాల గురించి ఒక్క మాటా అనకుండా, నా రాత చూసి మురిసిపోయారు. నా తల నిమిరి సంతకం పెట్టారు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో చేపల పులుసు వండారు, మామిడి ఒరుగులు వేసి, తుపాను తర్వాత మొదటిసారి. నాకు ముద్ద దిగలేదంటే అబద్ధం, కడుపునిండా తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ సిగ్గు వేస్తుంది.

రెండేళ్లయినా కాలేదు. ఒక పొద్దున్నే మేస్టారు మా ఇంటికొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డారు. బాడుగకు ఎక్కిన ఒక పెద్దాయన చేతికర్ర నేలకు ఆనిస్తే, అది కాళ్ల కింది రేకులోంచి రోడ్డు మీదికి దిగిందట. ఊరంతా నవ్వారు. ఆ తర్వాత ఎవరూ బండి ఎక్కడం లేదు.

"మస్తానూ, కోప్పడబాక," అన్నారు ఆయన. "బంగారం లాంటి బండి ఇచ్చినావు, నేనే చెడగొట్టుకున్నా. మైపాడు బీచి బాడుగలకు ఊరికే తిప్పినా గదా, ఆ ఉప్పుగాలి తినేసినట్టుంది. కాగితం పదిసార్లు చూసుకున్నా. బిడ్డ రాసిందాంట్లో అడుగురేకు మాట యాడా లేదు. తప్పు నాదే."

నేను వాకిలి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. చెప్పు నాయనా, చెప్పేయ్ నాయనా అని లోపల ఎన్నిసార్లు అనుకున్నానో. నాయన నోరు విప్పాడు.

"బండి వదిలిపోండి మేస్టారూ. రేకు నేను ఏయిస్తా. మీరు పైసా ఈబాకండి."

మేస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తన వల్ల చెడిన బండిని ఉచితంగా బాగుచేసిచ్చిన మస్తాన్ సాయిబు మంచితనాన్ని కోవూరంతా చెప్పారు, ఆ తర్వాత కనిపించిన ప్రతివాడికీ చెప్పారు. దానితో మా షెడ్డుకు ముందెప్పుడూ లేనంత గిరాకీ వచ్చింది. నాయన నోరు ఇంకా గట్టిగా మూతపడింది.

ఆ ఏడు రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లాం. దర్గా చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు ఆ పేరు చెప్పి రొట్టె అడిగి తీసుకుంటారు, కోరిక తీరినవాళ్లు మరుసటేడు అదే పేరుతో రొట్టె తెచ్చి అడిగినవాళ్లకు ఇస్తారు. నాయన ప్రతిఏడూ వ్యాపారం రొట్టె అడిగి తీసుకునేవాడు. ఈసారి వ్యాపారం బాగా జరిగింది కాబట్టి ఇవ్వాల్సిన వంతు. అమ్మ పొద్దున్నే కాల్చి గుడ్డలో చుట్టి ఇచ్చింది. నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. సైకిళ్ల షాపు పెట్టుకున్న కుర్రవాడొకడు వచ్చి, "యాపారం రొట్టేనా అన్నా?" అని చెయ్యి చాపాడు. నాయన గుడ్డ విప్పబోయి, మళ్లీ చుట్టేశాడు.

"నా రొట్టె నీకొద్దు అబ్బయ్యా. ఇంకెవరినైనా అడుగు," అన్నాడు.

గట్టెక్కి వచ్చి, బస్సు కోసం నిలబడ్డ చోట, ఆ ఎండిన రొట్టె మొత్తం ఆయనే తిన్నాడు, కూరా నీళ్లూ లేకుండా. మాకు ఒక ముక్క కూడా పెట్టలేదు. ఆ తర్వాత నాయన ఎప్పుడూ నా చేత ఐబుల కాగితం రాయించలేదు. పెద్దదానివయ్యావు, చదువుకో అన్నాడు. చదువుకుని నేనూ టీచరునయ్యాను, ఎంతోమంది పిల్లల చేత గుండ్రటి అక్షరాలు దిద్దించాను. మేస్టారు నా పెళ్లికి ఆ బండిలోనే వచ్చారు.

కళ్లజోడు ఎంతకీ దొరకనట్టు ఇంకా ఎంతసేపని వెనక వరండాలో నిలబడతాను! ముందుగదిలోకి వచ్చి ఆ అబ్బాయి దగ్గర పెన్ను తీసుకున్నాను. ఏడో వరస కింద వదిలిన చోటులో మేస్టారి సంతకం ఉంది. దాని పక్కన రాశాను: ఎనిమిది. ఈ బండి తుపానులో రెండు రోజులు ఉప్పునీళ్లలో మునిగింది. ఆ సంగతి మాకు తెలుసు. మేస్టారికి చెప్పలేదు. కింద పూర్తి పేరు రాసి అతని చేతికిచ్చాను. ఇక బేరం చెడిందని లేచి వెళ్తాడనీ, నాయన పేరు రేపటికల్లా నెల్లూరంతా నోళ్లలో నానుతుందనీ అనుకుని, నిజం చెప్పాలంటే కొంచెం తేలికపడ్డాను.

అతను రెండుసార్లు చదివాడు. మొహం విప్పారింది.

"అమ్మా, ఇది సూపరమ్మా! కొనేవాళ్లకు ఇట్లాంటి కథే కావాల. రేటు ఇంకా పెరుగుద్ది." అప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "ఇదే మాట ఒక చిన్న వీడియోలో చెప్తారా? ఏడవక్కరలేదు, మామూలుగా చెప్తే చాలు."

చెప్పనన్నాను. చెడ్డపిల్లవాడేం కాదు. కాగితాన్ని జాగ్రత్తగా కవరులో పెట్టుకుని, నా కాళ్లకు దండం పెట్టి మరీ వెళ్లాడు.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. మిల్లులు మూతపడ్డాయి, ఊక ఎగరడం లేదు, వెంకయ్య లేడు, రేకు మీద వేలితో కొట్టి వినే చెవులూ లేవు. లోపం చెబితే బండి ధర పడిపోయే రోజుల్లో, అది పడిపోతుందని తెలిసీ చెప్పేవాడు నాయన, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కదాన్ని చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పైనే పట్టింది, చెప్పినందుకు నాకేదో పోతుందనుకున్నాను, ఏమీ పోలేదు. రమణయ్య మేస్టారు మాత్రం బండిని తానే పాడుచేశాననుకుంటూ పోయారు.