ఒకే అక్షాంశం మీద రెండు గదులు

మా ఊరి శిశు సంరక్షణ కేంద్రం గదిలో మధ్యాహ్నం రెండు గంటలకు నలభై ఒక్క డిగ్రీలు. అదే సమయంలో బయట చెట్టు నీడలో ముప్పై ఏడు. ఉష్ణమాపకం నేనే తెచ్చి తగిలించాను. మూడు రోజులు వరుసగా చూశాను. పొరపాటేమీ లేదు. చెట్టు నీడ కంటే వేడిగా ఉండేదాన్ని గది అనరు, బట్టీ అంటారు. ఆ బట్టీలో నాలుగేళ్ల లోపు పిల్లలు పద్దెనిమిది మంది పడుకుంటారు. వాళ్లలో మా పాప ఒకతె. సాయంత్రం తెచ్చుకునేసరికి దాని మెడ నిండా చెమటకాయలు ఉండేవి, పెదాలు ఎండిపోయి ఉండేవి. మాటా పలుకూ లేకుండా నా భుజం మీద వాలిపోయేది. నీటి నమూనాలు పరీక్షించే ఉద్యోగం నాది. పాపని అక్కడ వదలక తప్పదు.

కొండ మేస్త్రి నాకు పరిచయమైంది ఆ గదిలోనే. నేల బీటలు పూడ్చడానికి వచ్చాడు. నేను అంకెలు రాసుకుంటుంటే తాపీ పక్కన పెట్టి నవ్వాడు.

"అది చూడక్కర్లేదమ్మా. ఈ గది నాకు తెలుసు. దీని అక్కని కూడా నేనే కట్టాను."

"అక్కేమిటి?"

"పైన, కొండ మీద ఉంది. ఇదే కొలత, ఇదే అద్దం. అక్కడ పిల్లలు ఆ అద్దం కింద చోటు కోసం జుట్లు పట్టుకుంటారు."

ఆయన ఇరవై రెండేళ్లు కొండల మీద గోడలు కట్టాడు. అక్కడ మబ్బు తలుపు తోసుకుని ఇంట్లోకి వస్తుందట. ఉతికిన బట్ట వారమైనా ఆరదట. అందుకే అక్కడ కప్పు కిందికి దించుతారు, పడమటి గోడకి పెద్ద అద్దం బిగిస్తారు, పైన కంత అన్నది ఉంచరు. లోపలికి వచ్చిన వెచ్చదనం బయటికి పోకూడదు కదా. ఆ తేమ భార్య ఊపిరికి పడక, ఇద్దరూ ఈ మైదానానికి దిగి వచ్చారు. ఇక్కడ వాన ఏడాదికి ఏడెనిమిది సార్లు పడితే గొప్ప. నల్లరేగడి నేల వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. పడమటి గాలి పొయ్యి ఊదినట్టు వస్తుంది.

"అక్కడ ఎండని పట్టుకోవాలమ్మా, ఇక్కడ తరమాలి. పునాది తీస్తున్నప్పుడే ఇంజనీరుగారికి చెప్పాను, పైన కంతలు పెడదాం, అద్దం తూర్పుకి మారుద్దాం అని."

"ఏమన్నాడు?"

"నీ చేతిలో ఉన్నది తాపీ, తాపీగా పని చేసుకో అన్నాడు."

చెప్పి నవ్వాడు కానీ, తల ఎత్తలేదు. "కూడదని తెలిసే కట్టాను. అది నా తప్పే" అన్నాడు నేలవైపు చూస్తూ. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు ఆయనదా?

ఆ రాత్రే ఇంజనీరు కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఉష్ణోగ్రతలన్నీ పట్టిక వేసి పంపాను. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది. 'రెండు ప్రాంతాలూ ఒకే అక్షాంశంపై ఉన్నందున ఒకే నమూనా వర్తిస్తుంది.'

ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. అక్షాంశం ఒకటే, నిజం. మరి ఎత్తో? కిలోమీటరు పైకి వెళ్తే గాలి ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుందని హైస్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఆ కొండ మా ఊరికంటే రెండు కిలోమీటర్ల ఎత్తున ఉంది. పైగా అక్కడ మబ్బు కమ్మి ఉంటుంది, ఇక్కడ ఆకాశానికి రెప్ప అన్నది లేదు. పటం మీద అడ్డగీత చూసినవాడు కొండ నిలువెత్తు చూడలేదు. దానికి శిక్ష నా కూతురికా?

జవాబు మేస్త్రికి చదివి వినిపించాను.

"అక్షాంశమో ఏమో గానీ, నాకు మాత్రం అప్పుడు అక్షింతలే పడ్డాయి" అన్నాడు.

సెలవు రోజు పొద్దున ఆయనే వచ్చి, కప్పుకి జానెడు కింద తూర్పు గోడలో నాలుగు, పడమటి గోడలో నాలుగు చోట్ల ఇటుకలు ఊడదీశాడు. అద్దానికి బయటినుంచి సున్నం కొట్టాడు. ఎవరినీ అడగలేదు. వేడిగాలి పైనుంచి పోతోంది, రాత్రి చల్లదనం గోడల్లో నిలుస్తోంది. మూడో రోజు రెండు గంటలకి ముప్పై ఆరు. ఆ సాయంత్రం పాప నడిచి ఇంటికి వచ్చింది.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. 'అనుమతి లేకుండా చేసిన రంధ్రాలను మూడు రోజులలోగా ఇటుకలతో పూరించవలెను. అద్దమును శుభ్రపరచవలెను.' కింద సంతకం ఇంజనీరుది. ఉత్తరానికి పన్నెండు రోజులు పట్టిన కార్యాలయానికి కంతలు మూయించడానికి ఎంత తొందరో!

నాకు ఏడుపొచ్చింది. మేస్త్రి మాత్రం, "మళ్లీ చదవమ్మా" అన్నాడు. చదివాను.

"ఇటుకలతో అని ఉందా?"

"ఉంది."

"సిమెంటు పూత అని ఉందా? సందు లేకుండా అని ఉందా?"

"లేదు."

"అయితే పూరిద్దాం."

ఇటుక విడిచి ఇటుక పేర్చి, ఎనిమిది కంతల్లోనూ జాలీ కట్టాడు. అద్దం మిలమిలా మెరిసేలా కడిగాడు. కడిగిన అద్దం ముందు బయటివైపు తడి గోనెపట్టాలు వేలాడదీశాం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుని ఉంది.

"ఏమయ్యా, పూరించావా?"

"ఇటుకలతోనే సార్. చూసుకోండి."

"గాలి వస్తోందిగా!"

"గాలి సంగతి కాగితంలో లేదు సార్."

పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు జాలీ కిందికి నడిచి, అక్కడే నిలబడి ముఖం తుడుచుకున్నాడు. గాలి ఆయనకీ తగులుతోంది. ఆ చోటు వదలకుండానే "ఇది నిబంధనలకి విరుద్ధం" అన్నాడు.

"సార్, పిల్లలు పడుకున్నారు. మెల్లగా మాట్లాడండి" అన్నాను నేను. అంతకంటే మంచి మాట నా నోట రాలేదు.

మళ్లీ కాగితం రాలేదు. కానీ మేస్త్రి పేరు కార్యాలయం పనుల జాబితాలోంచి కొట్టేశారు. "పోనీలేమ్మా, ఇళ్ల పనులు ఉన్నాయిగా" అంటాడాయన. నేను పోనివ్వలేకపోతున్నాను. పసిపిల్లలకి గాలి అందించడానికి ఒక మంచి పనివాడు మాటల సందులు వెతుక్కోవాలా? తప్పు గీసినవాడి పేరు జాబితాలో ఉండి, దిద్దినవాడి పేరు పోవాలా?

ఇదే నమూనాతో ఈ మైదానంలో మరో తొమ్మిది గదులు కట్టారని మొన్ననే తెలిసింది. అందులో దగ్గరి దానికి నిన్న ఫోన్ చేశాను. అక్కడి ఆయమ్మ నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

"ఎవరైతేనేం, త్వరగా రండమ్మా. పొద్దున ఇక్కడ ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది."

రేపు పొద్దున్నే మేస్త్రీ నేనూ వెళ్తున్నాం.