మూడో పిలుపుకి పలికిన మనిషి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. చూసిందెవరు, పక్కన ఇంకెవరున్నారు, అప్పుడు కరెంటుందా అని అడిగి వాళ్ల కథ పాడుచేసే రకం నేను. చెన్నై షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఏదైనా తప్పు జరిగితే దానికి కారణం పట్టుకునేదాకా వదలకూడదు, అందుకే నాకు జీతం. కాబట్టి ఇది చదివి నాకు మతి పోయిందనుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఇది మా మేనత్త కనకవల్లి సంగతి. ఆమె పెళ్లి చేసుకోలేదు, చూలైలో మాతోనే ఉంటుంది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, ఉత్తర చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మా తెలుగు వ్యాపార కుటుంబాల మీద ఒక పుస్తకం రాసింది. పాత కోర్టు కేసుల కాగితాలే దానికి ఆధారం. భర్త పోయిన ఆడవాళ్ల చేత ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు ఎలా సంతకాలు పెట్టించుకున్నారో, వాళ్లలో కొందరు కోర్టుకెక్కి ఏం చెప్పారో అందులో ఉంది.

ఒక అధ్యాయం, గోవిందు చిన్నాయన వాళ్ల తాత అలా సంతకం పెట్టించుకున్న సంగతి. ఈ గోవిందు చిన్నాయన మా నాన్నకు దాయాది, సౌకార్‌పేటలో హోల్‌సేల్ కొట్టు ఉంది. పుస్తకం అచ్చుకు వెళ్తోందని తెలియగానే, తన ఇంటి పరువు పోతుందని, దాన్ని ఆపమని దావా వేశాడు. అప్పటి నుంచి మా అత్త వచ్చే పెళ్లికి ఆయన రాడు.

అత్త లాయర్ని పెట్టుకోలేదు. "ఆ ఆడోళ్ల మాటని ఆ పొద్దు లాయర్లు తిరగరాసినారు. నా మాట నేనే చెప్పుకుంటా" అంది. మొండిఘటం. కానీ మోకాళ్ల నొప్పులతో రెండు వాయిదాలకు వెళ్లలేక నా చేత డాక్టరు సర్టిఫికెట్లు పంపింది. ఇంకోసారి రాకపోతే సర్టిఫికెట్లు చూడనని, ఎక్స్‌పార్టీ చేస్తానని జడ్జిగారు గట్టిగా చెప్పేశారు. అంటే ఆమె మాట వినకుండానే తీర్పు. ఏళ్ల తరబడి ఆమె చేసిన పని ఇక బయటికి రాదు.

సరిగ్గా ఆ వాయిదా రోజు పొద్దున అత్త స్నానాల గదిలో పడిపోయింది. పలుకు లేదు. అమ్మా నేనూ ఎత్తి ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఒంట్లో సోడియం బాగా పడిపోయిందన్నారు, ఐసీయూలో పెట్టారు. అమ్మ ఆ తలుపు ముందే కూర్చుంది. నేను కాళ్లా వేళ్లా పడైనా ఇంకో వాయిదా అడుగుదామని కోర్టుకు పరిగెత్తాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

కోర్టు హాలు గుమ్మం దగ్గర బంట్రోతు పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ పలక్కపోతే ఆ మనిషి రానట్టే. నేను చేరేసరికి మా కేసు అయిపోయింది. బంట్రోతు నన్ను గుర్తుపట్టి, కనకవల్లి అమ్మగారు వచ్చారని, మూడో పిలుపుకి పలికారని, జవాబు ఇవ్వడానికి గడువు అడిగితే వచ్చే నెలకి వేశారని తమిళంలో చెప్పాడు. ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అనుకున్నాను. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. అత్త కదల్లేదు, ఇంకా కళ్లు తెరవలేదు అంది.

ఏమైతేనేం, కేసు నిలిచింది. నేను నోరు మూసుకుని ఆసుపత్రికి తిరిగొచ్చాను.

కొన్నాళ్లకు అత్త కోలుకుని ఇంటికొచ్చింది. సంతోషిస్తుందని ఈ సంగతి చెప్పాను. ఆమె మండిపడింది.

"నేను ఆడికి పోలేదే. పోని మనిషి వచ్చిందని రాసుకుంటే అది తప్పుడు రికార్డు గాదా?"

"పుస్తకం పోతుంది అత్తా."

"తప్పుడు రికార్డు మీద నిలబడే పుస్తకం నాకేంటికే?"

ఇంట్లో అందరం బతిమాలాం. వినలేదు. తర్వాతి వాయిదాకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఆ రోజు తాను కోర్టుకు రాలేదని రాసిచ్చి, ఆసుపత్రి కాగితాలు జతచేసింది.

జడ్జిగారికి చాలా కోపం వచ్చింది. అయితే వచ్చిందెవరు, మీ పేరు చెప్పుకోమని వేరే మనిషిని పంపారా అని అడిగారు. పంపలేదని అత్త చెప్పింది. అవతలి లాయరు లేచి, ఇది కోర్టును మోసం చేయడమేనని, ఆమెకి వాదించే హక్కే తీసేయాలని అన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు గోవిందు చిన్నాయన లేచాడు. తన లాయరే చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు. ఆ రోజు వచ్చింది ఆమేనని, చిన్నప్పటి నుంచి చూసిన మనిషిని పొరబడనని, తన పక్కనే నిలబడిందని చెప్పాడు. అత్త కాదంటోంది. ఆమెను ఓడించడానికి వచ్చినవాడు అవునంటున్నాడు. జడ్జిగారు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దావా వేసినవాడే వచ్చిందంటున్నాడు కాబట్టి పాత నమోదు అలాగే ఉంటుందని చెప్పి కేసు ముందుకు నడిపించారు.

బయట వరండాలో ఆయన్ని పట్టుకున్నాను. "చిన్నాయనా, నిజంగా చూసినావా?"

"కాళ్లకి చెప్పులు గూడా లేవు. ఎండగా ఉండాది, కారులో దించతా రా అక్కా అంటే పలక్కుండా పోయినాది" అన్నాడు. ఆయన మొహంలో నా మీద కోపం తప్ప ఏమీ లేదు. "కేసు గెలవాలనే ఉండాది నాకు. చూసిన మనిషిని చూడలేదని ఎట్ల చెప్పేది?"

ఆ రోజు అత్తను ఎత్తుకుపోయే కంగారులో చెప్పులు ఇంట్లోనే వదిలేశాం. అది ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పోలికున్న మరొకామె అనుకుందామంటే, మా కేసుకి ఆమె ఎందుకు పలుకుతుంది? జాలిపడి చెప్పాడనుకుందామంటే, తీర్పు రోజు దాకా ఆయన లాయరు ఒక్క మాట తగ్గలేదు. అత్త తన వాదన తనే వినిపించింది. దావా కొట్టేశారు. పుస్తకం వచ్చింది.

వాంగ్మూలాలు చదివేటప్పుడు, తనకి నష్టమైనా చెప్పినవాడి మాట ముందు నమ్మాలని అత్త నాకు నేర్పింది. ఆ లెక్కన ఇదీ నమ్మాలి కదా అని అడిగాను.

"వాడు అబద్ధం చెప్పలేదే. నేనూ చెప్పలేదు" అంది. "నాకు భయంగా ఉండాది. నువ్వు రాయి."

రాశాను, అర్థమై కాదు. మొన్న కూడా సౌకార్‌పేటకు వెళ్లి గోవిందు చిన్నాయనను అడిగి వచ్చాను. ఆ ఒక్క మాటతో కేసు చేజార్చుకున్న మనిషి, ఇప్పటికీ మాట మార్చలేదు.