మా అత్తగారి అరవై ఒక్క నిమిషాలు

మా అత్తగారు ముక్కుసూటి మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే ఆవరణలోకి నడిచి, వాన కొలిచే గాజు గొట్టం ముందు వంగి, కనిపించిన అంకె రాయడం ఆవిడ ఉద్యోగం. కుర్చీలో కూర్చుని అంచనాగా ఒక్క అంకె కూడా వేయలేదని ఇప్పటికీ చెబుతారు. నా కూరలో ఉప్పు గురించి కూడా అంతే కచ్చితంగా చెబుతారు కాబట్టి నమ్మక తప్పదు.

ఒక ఉదయం ఆవిడ కోసం ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఒకాయన బస్సు డిపో మేనేజరు. ఇంకొకాయన డ్రైవర్ల సంఘం పెద్ద, ఆయనా డ్రైవరే. ఒకే సోఫాలో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఎనిమిది నెలలుగా వాళ్ల చర్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. డిపో నుంచి ఆసుపత్రికి బస్సు యాభై రెండు నిమిషాల్లో చేరాలని డిపో వాళ్లంటారు. డెబ్బై పడుతుందని డ్రైవర్లంటారు. ఆలస్యమైన ప్రతి నిమిషమూ ట్రిప్పుల మధ్య విశ్రాంతిలోంచి కోసేస్తున్నారు. బాత్రూముకి దిగే వీలుండదని చాలామంది డ్రైవర్లు మంచినీళ్లు తాగడమే మానేశారట. నెలాఖరుకు తేలకపోతే బస్సులు ఆపేస్తామని సంఘం నోటీసు ఇచ్చేసింది.

మధ్యవర్తిగా ఒకరు చెప్పిన మనిషి ఇంకొకరికి గిట్టలేదు. చివరికి డిపోలో ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే, ఇరుపక్షాలనూ సమానంగా దులిపేసిన మనిషి ఒక్కరే దొరికారు. డ్రైవర్ల మీద తొమ్మిది ఫిర్యాదులు, డిపో మీద తొమ్మిది, అన్నీ మా అత్తగారి దస్తూరీలోనే. నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

తీర్పు ఏదైనా కట్టుబడతామని ముందే సంతకం పెట్టమన్నారు ఆవిడ. పెట్టారు.

"చెరిసగం చేసి పంపిస్తానని మాత్రం ఆశపెట్టుకోకండి. అది న్యాయం కాదు, బద్ధకం," అన్నారు.

పన్నెండు రోజులు ఆ బస్సులో తిరిగారు. రద్దీ వేళా, ఖాళీ వేళా, ఎండలోనూ వానలోనూ. చేతి గడియారం, గళ్ల నోటుబుక్కు, అంతే సరంజామా. డ్రైవర్లు టీ ఇస్తే పుచ్చుకోలేదు, మేనేజరు కారు పంపితే ఎక్కలేదు. వారం తిరిగేసరికి మోకాళ్లు వాచాయి. నేను కాపడం పెడుతుంటే, వాన ట్రిప్పులు తక్కువయ్యాయని, రేపు కూడా వాన పడితే బాగుండునని గొణిగారు. నాకు ఒళ్లు మండింది.

పదమూడో రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల మీద లెక్క తేల్చారు. రెండుసార్లు తనే కూడి, మూడోసారి నాచేత కూడించారు. సగటు సరిగ్గా అరవై ఒకటి. యాభై రెండుకీ డెబ్బైకీ నట్టనడుమ అంకె.

ఇన్నేళ్ల పేరు ఈ ఒక్క అంకెతో పోతుందనిపించింది. చెరిసగం చేయనని చెప్పిన మనిషి చెరిసగమే చేసిందంటారు, సంతకాలున్నా తీర్పును ఎవరూ నమ్మరు.

"అరవై రెండు రాసేయండి అత్తయ్యా. ఒక్క నిమిషమే కదా," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీశారు. "ఆ నిమిషం ఏ బస్సులో చూశావమ్మాయ్?"

ఆవిడ అరవై ఒకటి రాసి, కింద సంతకం పెట్టారు.

డిపో మేడమీది గదిలో ఆవిడ ఆ అంకె చదివి వినిపించగానే సంఘం పెద్ద కుర్చీ వెనక్కి నెట్టాడు.

"ఇంతోటి దానికి పన్నెండు రోజులు తిరగాలా అమ్మా? రెండూ కలిపి సగం చేస్తే సరిపోయేదిగా."

మేనేజరు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. నా మొహం కందిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు. నోటుబుక్కు బల్ల మీద ముందుకు తోసి, ఏ పేజీ అయినా సరే, పైకి చదవమన్నారు.

ఆయన చదివాడు. మూడో రోజు, కర్రల సాయంతో నడిచే ఒకావిడ దిగడానికి రెండు నిమిషాలు, కలపాలి. అదే రోజు, డిపో గేటు తీసే మనిషి లేక ఆరు నిమిషాలు, కలపాలి. మేనేజరు నవ్వు మాయమైంది. ఐదో రోజు, పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు స్నేహితుడితో కబుర్లు, నాలుగు నిమిషాలు, తీసేయాలి. అక్కడ ఆయన ఆగిపోయాడు. మేనేజరు కుర్చీ దగ్గరికి జరుపుకుని తక్కిన పేజీలు తిప్పాడు. ఎనిమిది నెలలు ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ ఒకే పుస్తకం మీదికి వంగి గంటసేపు చదివారు.

"ఆ కబుర్లు చెప్పింది నేనేనమ్మా," అన్నాడు చివరికి సంఘం పెద్ద. అరవై ఒక్క నిమిషాల కొత్త సమయపట్టిక మీద సంతకం చేశాడు. విశ్రాంతి నిమిషాల్లో ఇక కోత పెట్టబోమని మేనేజరు తన చేత్తోనే కింద రాశాడు.

మెట్ల దగ్గర మేనేజరు ఆవిడను అడిగాడు, ఒక్క నిమిషం అటో ఇటో వేసేస్తే ఈ మాట పడే పనే ఉండేది కాదు కదా, అనిపించలేదా అని.

"మా ఇంట్లో ఒకరికి అనిపించింది," అన్నారు, మోకాలి నొప్పికి నా భుజం పట్టుకుంటూ.

సిగ్గుతో తల దించుకోవాల్సిన మాటే. కానీ కింద డ్రైవర్లందరూ నిలబడి పైకి చూస్తున్నారు. ఈవిడ మా అత్తగారని ప్రతి ఒక్కరికీ తెలియాలని, ఆవిడ చెయ్యి భుజం మీద ఉంచుకుని, మెట్లు వీలైనంత నెమ్మదిగా దిగాను.