నూట ఇరవై ఆరు సీట్ల బెండు విమానం

ఐ.పోలవరంలో సావిత్రిని ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు. ‘మెకానిక్ గారి భార్య’ అంటే మాత్రం వంటింట్లో ఉన్నా చెవిన పడేది. ఆమె భర్త లోవరాజు తొంభై ఒకటిలో మస్కట్ వెళ్ళి, అక్కడి విమానాశ్రయంలో ఎనిమిదేళ్ళు పనిచేసి, నడుము పట్టేసి తిరిగొచ్చాడు. విమానాలు బాగుచేసే పని అని ఉత్తరాల్లో రాసేవాడు. ఆ ఉత్తరాలు సావిత్రి ఇంట్లో కంటే వీధి అరుగుల మీదే ఎక్కువ చదివింది.

ఇంటి ముందు పంట కాలువ బోదెకు అవతల మత్తయి ఇల్లు. అతను లోవరాజు కంటే మూడేళ్ళు ముందే అదే విమానాశ్రయానికి వెళ్ళాడు. విమానం దిగగానే లోపలికెళ్ళి ఊడ్చి, తుడిచి, మరుగుదొడ్డి కడిగే పని. అతను దాచుకోలేదు, అతని భార్య మార్తమ్మా దాచుకోలేదు. సావిత్రి కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మార్తమ్మ జాకెట్టు గుడ్డ తెచ్చినప్పుడల్లా గుమ్మం బయట మెట్టు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చేది. మార్తమ్మకని ఒక గ్లాసు వేరే ఉంది, అంచు దగ్గర సొట్ట పడినది. అది కిటికీలో ఉండేది, లోపలి గ్లాసుల్లో కలిసేది కాదు.

“ఏం మార్తమ్మా, రోజుకి ఎన్ని దొడ్లు కడుగుతున్నాడో రాసేడా మీ ఆయన?” అనేది సావిత్రి.

“లెక్క రాయలేదండి. కడిగినవి మాత్రం మన ఇళ్ళకంటే తెల్లగా ఉంటాయని రాసేరండి,” అనేది మార్తమ్మ, టీ ఊదుకుంటూ.

ఇద్దరూ నవ్వేవారు. సావిత్రి కాస్త ఎక్కువ నవ్వేది.

తిరిగొచ్చిన లోవరాజు మొదటి ఏడాది మంచం దిగలేదు. రెండో ఏడాది విమానం మొదలుపెట్టాడు. పిల్లలాడుకునే బొమ్మ కాదు. ముక్కు నుంచి తోక దాకా పన్నెండడుగులు. వెదురు బద్దలు చీరి పంజరం కట్టాడు. మురమళ్ళలో పెళ్ళి బాసికాలు చేసేవాళ్ళ దగ్గర బెండు తెచ్చి, పలకలుగా కోసి తొడిగాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపాడు. పాత ఎక్స్‌రే కాగితాలు కడిగి కిటికీలకు అద్దాలు చేశాడు. ఇంజెక్షన్ సూదితో జిగురు చుక్కలు వరసగా పెట్టి, అవి ఆరాక రంగు వేస్తే, అచ్చం రేకుకు కొట్టిన మేకుల తలల్లాగే కనిపించాయి. పశువుల పాకంతా ఆ విమానానిదే అయింది. గేదెను చింత చెట్టు కిందకు మార్చారు.

పై కప్పు మూతలా పైకి లేచేది. లోపల ఇరవై ఒక్క వరసలు, నూట ఇరవై ఆరు సీట్లు. సీట్ల తొడుగులన్నీ సావిత్రి కుట్టింది, ఒక్కొక్కటి ఆమె అరచేతిలో ఇమిడేంత. బెల్టులకు నాడా ముక్కలు కత్తిరించింది. వాటిని సీటు మీద కత్తెర వేసినట్టు ఒకదాని మీద ఒకటి ఎలా పడుకోబెట్టాలో లోవరాజు చూపించాడు.

“సీటు వెనక జేబులో కాగితం సంచి ఉండాలే,” అన్నాడు ఒకరోజు.

“అదెందుకండీ?”

“కక్కొస్తే పట్టుకోవడానికి.”

“మెకానిక్కి ఆ గొడవెందుకండీ?”

“అన్నీ చూసుకోవాలి కదా,” అని లోవరాజు కాగితం మడవడంలో పడ్డాడు.

మరుగుదొడ్డి గదిలో తుడుచుకునే కాగితపు చుట్ట దగ్గర్నుంచి అన్నీ అమర్చాడు. ఆ కాగితం కొసను త్రిభుజంలా మడిచాడు కూడా. రెక్కల కింద ఇంజన్లు మాత్రం రెండు రోజుల్లో అయిపోయాయి. రెండు డబ్బాలు, ముందు ఫ్యాను రెక్కల్లాంటివి. లోపల ఏమీ లేదు. సావిత్రి అడగలేదు. ఊళ్ళో ఎవరింటి కూరలో ఏం పడిందో అడిగి తెలుసుకునే మనిషి, అది మాత్రం అడగలేదు.

అప్పటికి మత్తయి కూడా వచ్చేశాడు. ఒక సాయంత్రం పాకలోకి వచ్చి, మూత తీసున్న విమానంలోకి చాలాసేపు చూశాడు. ఒక సీటు మీద బెల్టును వేలితో సర్ది, “కుడిది పైకి రావాలి కదండీ, లోవరాజు గారూ,” అన్నాడు నెమ్మదిగా.

లోవరాజు మూత పెట్టేశాడు. మత్తయి వెళ్ళాక సావిత్రి మండిపడింది.

“సీట్లు తుడుచుకునేవాడికి బెల్టుల సంగతేం తెలుసండీ? మీకే చెప్పొచ్చేడు.”

లోవరాజు ఆ రాత్రి దీపం పట్టుకుని పాకలోకి వెళ్ళాడు. మర్నాడు చూస్తే నూట ఇరవై ఆరింటిలోనూ కుడి బెల్టు పైకి వచ్చింది.

రెండు వేల నాలుగులో అమలాపురంలో ఒక కాలేజీ వాళ్ళు ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, సావిత్రే పోరి ఒప్పించింది. పెయింటరు చేత బోర్డు రాయించింది: ‘తయారుచేసినవారు: విమాన మెకానిక్ లోవరాజు.’ బోర్డు చూసి లోవరాజు, “పేరు చాలదా?” అన్నాడు.

“ఎందుకండీ చాలేది? చేసిన పని చెప్పుకోడానికి సిగ్గా?”

ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి విమానాన్ని ఎక్కించారు. మోసిన నలుగురిలో మత్తయి ఒకడు. ముమ్మిడివరం దాటేదాకా గతుకు వచ్చినప్పుడల్లా తోకను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జనం మూగారు. సావిత్రి బెనారస్ పట్టు చీరలో బోర్డు పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పింది. మధ్యాహ్నం బహుమతులు నిర్ణయించడానికి కొత్తపేట నుంచి కాశీవిశ్వనాథం గారు వచ్చారు. వైమానిక దళంలో ఇంజన్ల మీద పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. బోర్డు చదివి సంతోషించారు.

“ఏ ఇంజన్ మీద చేసేరండీ మీరు?”

లోవరాజు తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. “పెద్దవేనండి,” అన్నాడు.

ఆయన ఇంజన్ డబ్బాలోకి తొంగి చూసి, ఇంకేం అడగలేదు. మూత తీయమన్నారు. తీశాక కళ్ళజోడు సవరించుకుని వరసలన్నీ చూశారు. “అబ్బా, ఇది పనండీ,” అన్నారు. మరుగుదొడ్డిలో కాగితం కొస చూసి నవ్వారు. “ఈ బెల్టులు ఇలా పెట్టిందెవరమ్మా?”

“నేనేనండి. ఆయన చూపించేరు,” అంది సావిత్రి, ముఖం వెలిగిపోతూ.

“క్లీనింగు వాళ్ళు చేస్తారమ్మా ఇలాగ. శుభ్రం చేయడం అయ్యాక, ఈ సీటు అయిపోయిందని గుర్తుకి. మెకానిక్కులం మేం వీటి జోలికే పోం. మీ వారు వాళ్ళ పనిని ఎంత బాగా గమనించేరో,” అన్నారాయన. మెచ్చుకోలుగానే అన్నారు.

సావిత్రి భర్త వైపు చూడలేదు. మత్తయి వైపు చూసింది. అతను వంగి, దుమ్ములేని విమానం చక్రాన్ని తువ్వాలుతో తుడుస్తున్నాడు.

బహుమతి వచ్చింది, రెండోది. మైకులో ‘విమాన మెకానిక్ లోవరాజు గారు’ అని మూడుసార్లు పిలిచారు. సావిత్రి వెళ్ళి తెచ్చింది.

ఇంటికొచ్చాక పాకలో మూత తీసి, బెల్టులు ఒక్కొక్కటే లాగి విడదీయడం మొదలుపెట్టింది. నాలుగో వరస దగ్గర లోవరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనియ్యి. నాకు వచ్చిన పని అదొక్కటే.”

“అబద్ధం ఎందుకు రాసేరండీ నాకు?”

“మత్తయి వెళ్ళిన రోజు నువ్వేవన్నావు? ఆ పని చేసి తెచ్చిన తిండి తినేకంటే పస్తుంటానన్నావు. బస్టాండులో, పదిమందిలో.”

అన్నమాటే. ఆమెకు గుర్తుంది. అప్పుడు కూడా జనం నవ్వారు.

మర్నాడు సావిత్రి బోదె మీది తాటి మొద్దు దాటి మార్తమ్మ ఇంటికి వెళ్ళింది. పక్కపక్కన బతికిన పదహారేళ్ళలో అదే మొదటిసారి. మార్తమ్మ కుర్చీ తుడిచి వేసింది.

“నీకు తెలుసా?”

“ఆయ్, తెలుసండి. ఇద్దరిదీ ఒకే క్లీనింగు బ్యాచీ అండి. ఒకే గది. ఊళ్ళో చెప్పొద్దని మీ వారు మా ఆయన చేతులు పట్టుకున్నారంట.”

“నేను అన్ని మాటలన్నాను కదా, ఒక్కసారైనా నోరు విప్పాల్సింది నువ్వు.”

“నాకేంటండి, పడ్డాను,” అంది మార్తమ్మ. “ఇక్కడికొచ్చేసేక, మీరు మమ్మల్ని అన్నప్పుడల్లా మీ వారు లోపల మంచం మీదే ఉండేవారండి. ఒక్కరోజైనా ‘ఊరుకోవే’ అంటారేమోనని చూసేదాన్ని.”

సావిత్రి లేచి, “రేపు టీకి రా మార్తమ్మా, లోపల కూర్చుందాం,” అంది.

“ఆయ్, అలాగేనండి.”

ఆ సాయంత్రమే సావిత్రి కిటికీలో గ్లాసు తీసి, తోమి, లోపల మిగతా గ్లాసుల్లో పెట్టింది. మార్తమ్మ మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. ఆమె జాకెట్లు మురమళ్ళలో ఎవరో కుడుతున్నారని తర్వాత తెలిసింది. ఎదురుపడితే మాత్రం, “బాగున్నారాండీ?” అని ఎప్పటిలాగే పలకరిస్తుంది.

విమానం పాకలోనే ఉంది. నాలుగు వరసల బెల్టులు విడిపోయి, మిగతావి కత్తెర వేసే ఉన్నాయి. లోవరాజు ఆ నాలుగింటినీ మళ్ళీ సర్దలేదు. గ్లాసులన్నీ ఒకేలా ఉన్నా, పొద్దున టీ పోసేటప్పుడు ఆ సొట్ట వేలికి తెలుస్తుంది. తెలిసిన రోజు సావిత్రి ఆ గ్లాసు తనకే ఉంచుకుని, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని తాగుతుంది.