కాలువ నీళ్లకు ముందు వెళ్లిన మనిషి

పోయిన వారం గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. ముందురోజు వానకు పొంగిన మురుగు కాలువ అంచున ఇద్దరు పనివాళ్లు బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపతను కుర్చీ ముందుకు జరిపి, "ఆ వాసన పడదా అమ్మా మీకు?" అని అడిగాడు. పడుతుందన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా ఆ వాసనలోనే ఉద్యోగం చేసినదాన్ని. పడనిది వాసన కాదు, దాని వెంట వచ్చే ఎస్తేరు గారి జ్ఞాపకం.

డెబ్భయ్యో దశకం మొదట్లో, కృష్ణా డెల్టాలో బెజవాడకు దిగువన ఉన్న ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎస్తేరు గారు అక్కడ హెల్త్ విజిటర్, నా పై అధికారి. యాభై దాటిన మనిషి. భర్త పోయారు, పిల్లలు లేరు. తెల్లటి నేతచీర, ఎడమచేతికి మగవాళ్ల గడియారం, ఎండైనా వానైనా చంకలో నల్లగొడుగు. మొదటిరోజు నేను సూదులు మరగబెట్టడానికి స్టవ్ వెలిగించబోతే ఆపారు.

"సూది వెయ్యడం నేర్చుకునే వచ్చుంటావుగా. పద, ఈ ఊరికి నీళ్లెక్కడ నుంచి వస్తాయో చూసొద్దాం."

కాలువ గట్టున ఎగువకు నడిపించారు. ఆ నడక రెండు గంటలు పట్టింది. చివరకు లాకుల దగ్గర ఆగి గొడుగు ముడిచారు. పడవలు ఎక్కించి దించడానికి కాలువకు అడ్డంగా కట్టిన తలుపులవి. ఆ పైన చిన్న పట్టణం. దాని మురుగంతా గట్టు తెగ్గొట్టుకుని కాలువలోకే దిగుతోంది.

"ఇక్కడిదాకా మన పంచాయతీ, ఆ పైన మునిసిపాలిటీ. ఆ సంగతి నీళ్లకి తెలీదమ్మాయ్," అన్నారు.

డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. ఆ రెండు నెలలూ ఊళ్లన్నీ మంచినీళ్ల చెరువుల మీద బతుకుతాయి. కాలువ ఎండినన్నాళ్లూ ఆ పట్టణం చెత్తా, కబేళా నీళ్లూ, దొడ్ల మురుగూ అడుగున పేరుకునేవి. తొలకరికి నీళ్లు వదిలినప్పుడు మొదటి నీళ్లు అదంతా కడుక్కుంటూ వచ్చేవి. అప్పటికి మా చెరువు అడుగంటి ఉండేది. జనం సంబరంగా కాలువ నుంచి చెరువుకున్న తూము తలుపు ఎత్తి ఆ నీళ్లే నింపుకునేవారు.

నేను చేరిన ఏడాది జూన్‌లో కలరా వచ్చింది. బడి వరండాలో చాపలు పరిచి పడుకోబెట్టాం. సెలైను సీసాలు రెండోరోజుకే అయిపోయాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ, ఒకరి నోరు తుడిచి లేచేలోపు పక్క చాప మీద మనిషి పోవడం చూశాను. ఎస్తేరు గారు ఏడవలేదు. చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం, ఇంటిపేరూ వయసూ సహా, ఒక కాగితం మీద రాసుకున్నారు.

ఆ కాగితం తీసుకుని నన్ను వెంటబెట్టుకుని పట్టణంలో మునిసిపల్ కమిషనరు దగ్గరకు వెళ్లారు. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "పాపం అండీ. కానీ లాకుల దిగువ మా పరిధి కాదు కదా," అన్నాడు. తిరిగొచ్చి మా పంచాయతీ ప్రెసిడెంటు గారికి చెబితే ఆయన మండిపడ్డాడు. "వాళ్ల పెంట మేం ఎత్తాలా అమ్మా? నేను ఆ ఆఫీసు గడప తొక్కను." ఆయనది తప్పని ఆవిడ అనలేదు. "గడప తొక్కొద్దులెండి. లాకుల దగ్గరికి రండి. అది ఇద్దరిదీ కాదు," అన్నారు.

ఆ మాటకు ఇద్దరినీ ఒప్పించడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. చివరకు ఒక ఏప్రిల్ ఉదయం, లాకు సూపరింటెండెంటు వేయించిన రెండు బెంచీల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కాగితం తీసి పేర్లు చదివారు. నాలుగేళ్ల పిల్లవాడి పేరు దగ్గర కమిషనరు తల దించుకున్నాడు. ఆ రోజు ఒప్పుకున్నవి మూడే మాటలు. కాలువ వదిలేముందు పట్టణం అడుగు శుభ్రం చేయిస్తుంది, మా ఊరు కూలీలను పంపుతుంది. మొదటి నాలుగు రోజులూ మేం తూము ఎత్తం. ఆ నాలుగు రోజులూ మునిసిపాలిటీ నీళ్ల లారీ మా ఊరికి వస్తుంది.

రెండేళ్లు అలాగే జరిగింది. రెండేళ్లూ బడి వరండాలో చాప పరవలేదు.

మూడో ఏడు ఆ కమిషనరు బదిలీ అయ్యాడు. కాలువ వదిలే వారం ముందు ఎస్తేరు గారు జ్వరంతో ఉండి, గుర్తుచేస్తూ ఉత్తరం రాసి నన్ను పంపారు. నేను వెళ్లేసరికి కొత్త కమిషనరు లేడు. సాయంత్రం వస్తాడన్నారు. నాకు మూడు గంటల బస్సు దొరికితే అమ్మావాళ్ల ఊరు వెళ్లవచ్చు. గుమాస్తాకు ఉత్తరమిచ్చి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

మర్నాడు ఎస్తేరు గారు అడిగారు. "ఇచ్చావా?"

"ఇచ్చానండీ."

"ఆయన్ని చూశావా?"

"ఆ, చూశానండీ."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. భయం కావచ్చు, సిగ్గు కావచ్చు. ఆవిడ నమ్మారు.

కాలువ అడుగు ఎవరూ తియ్యలేదు. లారీ రాలేదు. ఆవిడ మాట మీద ఊరు ఒకరోజు ఓర్చుకుంది. జ్వరంతోనే ఆవిడ రిక్షాలో పట్టణానికి పరిగెత్తారు. రెండోరోజు ఎండకు ఆగలేక జనం తూము ఎత్తేశారు. ఆవిడ నీళ్ల లారీ పంపించమని పట్టుబట్టి, దాంట్లోనే తిరిగొచ్చేసరికి చెరువు సగం నిండింది.

ఈసారి కలరాకు పోయినవాళ్లలో నాగరత్నం ఉంది. మూడు నెలల కిందట ఆమెకు నేనే పురుడు పోశాను. చనిపోయేముందు పిల్లకు పాలివ్వాలని చేతులు చాపింది. ఆ చేతులు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. పిల్లను నేను అందించలేదు, అందించకూడదు కాబట్టి.

జిల్లా నుంచి అధికారి వచ్చి విచారణ జరిపాడు. ఊరంతా కోపంగా నిలబడి ఉంది. "చెరువు నింపొద్దని చెప్పడానికి మీకెవరిచ్చారు అధికారం? అవతలివాళ్లకు ఉత్తరం పడేసి ఊరుకుంటారా?" అని అడిగాడు. విప్పని ఆ ఉత్తరం ఆయన చేతిలోనే ఉంది. ఎస్తేరు గారు దాన్ని చూశారు. తర్వాత నా వైపు చూశారు. అంతా అర్థమైపోయింది ఆవిడకు.

"పొరపాటు నాదేనండీ. నేనే వెళ్లాల్సింది," అన్నారు.

నేను జనం వెనక్కి జరిగాను.

ఆవిడను జిల్లా చివర, సముద్రం పక్కనున్న ఊరికి బదిలీ చేశారు. వెళ్లేముందు నన్ను కొత్త కమిషనరు దగ్గరకూ, లాకు సూపరింటెండెంటు దగ్గరకూ తీసుకెళ్లి, "ఇకనుంచి ఈ అమ్మాయి వస్తుందండీ," అని పరిచయం చేశారు. ఏడాది తర్వాత వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. లేవదీసి టీ ఇచ్చారు.

"నాకింక రెండేళ్ల సర్వీసుంది. నీకు ముప్పయ్యేళ్లుంది. ప్రతి ఏడూ కాలవ వదిలేముందు ఎవరో ఒకరు వెళ్లాలిగా," అన్నారు. క్షమించానని మాత్రం అనలేదు. నేను అడగలేదు. మరుసటి చలికాలం ఆవిడ పోయారు.

ఎంతమంది కమిషనర్లు మారారో, ఎందరు ప్రెసిడెంట్లు వచ్చారో, ప్రతి ఏడూ కాలువ వదిలేముందు వెళ్లాను. మనిషిని కళ్లారా చూసేవరకు ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను. తర్వాత పక్క పంచాయతీలు కూడా ఆ ఒప్పందంలో కలిశాయి. ఇదంతా నా మంచితనమని సన్మానం చేసినవాళ్లున్నారు. శాలువా కప్పించుకున్నాను.

నాగరత్నం కూతురు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. వచ్చినప్పుడల్లా, మా అమ్మ ఎలా ఉండేది పెద్దమ్మా అని అడుగుతుంది. చామనఛాయ అనీ, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేదనీ, నాట్లలో అందరికంటే ముందుండేదనీ చెబుతాను. "మరి ఎలా పోయింది?" అంటుంది. కలరా వచ్చి పోయిందమ్మా అని చెప్పి, ఆ పిల్ల కళ్లలోకి చూడలేక, అన్నం వడ్డించడానికి లేస్తాను.